పిల్లిని ఎక్కనివ్వని ఇల్లు

మొన్న గుంటూరులో మా ఆడపడుచు కూతురు శ్రావణి ఇంటికి వెళ్లాను. లక్ష్మీపురంలో నాలుగో అంతస్తు. మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్తే, నల్లటి గ్రానైట్ గట్టు మీద, గ్యాసు పొయ్యికీ మిక్సీకీ మధ్య, ఒక పిల్లి కాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. దానికి జానెడు దూరంలో పాలగిన్నె మూత లేకుండా ఉంది. నా చెయ్యి దానంతటదే తలుపు వెనక్కి వెళ్లింది. అక్కడ కర్ర ఏమీ లేదు. శ్రావణి వెనకే వచ్చి, నా చూపు ఎటుందో చూసి నవ్వింది. "అది దిగదత్తయ్యా. ఫోన్లో చూసి అన్నీ చేశాను. నిమ్మతొక్కలు పెట్టమన్నారు, పెట్టాను. అల్యూమినియం కాగితం పరవమన్నారు, పరిచాను. అంచుల వెంట జిగురు టేపు వెయ్యమంటే అదీ వేశాను. టేపు నా చీరకి అంటుకుంది గానీ దాని కాలికి అంటలేదు. మీ ఊళ్లో ఏం చేసేవాళ్లు? మీకేమన్నా తెలుసా?" అని అడిగింది. నాకేం తెలుసమ్మా అన్నాను. అది అబద్ధం. పిల్లిని గట్టెక్కకుండా చెయ్యడంలో మా అమ్మకు తెలిసినన్ని ఉపాయాలు ఆ ఫోనుకు కూడా తెలిసి ఉండవు. హాల్లో దీవాను మీద శ్రావణి కొడుకు, ఎనిమిది నెలల వాడు, నిద్రపోతున్నాడు. కాసేపటికి పిల్లి గట్టు దిగి వెళ్లి వాడి కాళ్ల దగ్గర పడుకుంది. ఇంట్లో ఎవరూ దాన్ని తోలలేదు. నేను టీ పూర్తిగా తాగకుండానే పని ఉందని చెప్పి వచ్చేశాను.

మాది పర్చూరు దాటాక వచ్చే ఒక నల్లరేగడి ఊరు. వానాకాలంలో మట్టి బంకలాగా కాళ్లను పట్టుకుని వదిలేది కాదు, ఎండాకాలంలో అరచెయ్యి దూరేంత నెర్రెలు విచ్చేది. ఇంట్లో మేం నలుగురం. నాన్న కోటేశ్వరరావు, అమ్మ సామ్రాజ్యం, నాన్నను కన్న తల్లి మా నాయనమ్మ, నేను. పత్తి తీతల కాలంలో పడమటి గది నిండా నిలువెత్తు పత్తి ఉండేది. దాన్ని పత్తికొట్టు అనేవాళ్లం. తలుపు పక్క మూలలో పురుగుమందు డబ్బాలు ఉండేవి. ఆ డబ్బాల వాసన, కొత్త పత్తి వాసన, పెరట్లో దాలిగుంటలో పిడకల సెగ మీద పొద్దుటి నుంచీ కాగే పాల వాసన కలిసి, మా ఇంటికి ఒక వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడన్నా పాలు అడుగంటితే నాకు పురుగుమందు గుర్తుకొస్తుంది. మిరప కోతలు మొదలయ్యాయంటే ఇంక ఆ వాసన కూడా ఉండేది కాదు. ఇంటి వెనకే కళ్లం. కోసిన కాయ అక్కడ ఎర్రగా పరిచి ఎండబెట్టేవాళ్లు. ఆ ఘాటు గాలిలో, గుడ్డల్లో, దిళ్లలో ఉండేది. మేం దాన్ని కోర అంటాం. రెండు మూడు నెలలు ఇంట్లో అందరం తుమ్ముతూ దగ్గుతూ ఉండేవాళ్లం. ఎవరు దగ్గినా ఎవరూ తల తిప్పి చూసేవాళ్లు కారు.

మొదట్లో మా వంటిల్లంటే నేల మీద పొయ్యి, పైన ఉట్టి. పెరుగూ నెయ్యీ ఉట్టి మీద ఉండేవి, పిల్లికి అందేవి కావు. ఒక ఏడు పత్తి బాగా పండితే నాన్న నిలబడి వండుకునే గట్టు కట్టించి, పైన కడప బండ పరిపించాడు. నాయనమ్మ, "నుంచుని వంటేంటిరా, హోటల్లో మాదిరి," అని నాలుగు రోజులు సణిగింది. అమ్మ మాత్రం ఆ బండను రోజుకు మూడుసార్లు తడిగుడ్డతో తుడిచి, మొహం కనిపిస్తుందేమోనని వంగి చూసుకునేది. గట్టు వచ్చాక ఇంట్లోవాళ్లందరి కంటే ఎక్కువ సుఖపడింది పిల్లి. బూడిద రంగుది, గుండె మీద మాత్రం తెలుపు. కిటికీలోంచి గట్టు మీదికి, గట్టు మీంచి అలమర మీదికి దానికి దారి దొరికింది. ఆ రోజుల్లో అమ్మ దాన్ని ఊరికే "ఉష్" అనేది, అంతే. నేను దానికి పెరుగన్నం పెట్టేదాన్ని. ఎక్కడైనా ఎక్కొచ్చని దానికి నేర్పింది ఒక రకంగా నేనే. నా మంచం మీద, నా పక్కనే పడుకునేది.

నాకు తొమ్మిదో ఏట తమ్ముడు పుట్టాడు. మా తాత పేరు పెట్టారు. భర్త పేరు కాబట్టి నాయనమ్మ ఆ పేరు పలకకుండా వాణ్ణి చిన్నయ్య అనేది. మేమూ అదే అలవాటు చేసుకున్నాం. అయిదో నెలలో, మిరప కోతల మధ్యలో, వాడికి దగ్గు పట్టుకుంది. నాయనమ్మ వాము మూట కట్టి వాసన చూపించింది. తమలపాకుకు ఆముదం రాసి, వెచ్చజేసి గుండెల మీద వేసింది. "కోరకి దగ్గుతున్నాడే. కోతలైతే అదే పోద్ది," అంది. ఆ సాయంత్రం నాన్న చేలోంచి రాగానే అమ్మ కాళ్లకు నీళ్లిస్తూనే చెప్పింది. "ఇది కోరకొచ్చిన దగ్గు కాదండీ. డొక్కలెగరేస్తున్నాడు. పాలు పట్టట్లేదు. పేటకు తీసుకెళ్దాం." పేటంటే చిలకలూరిపేట. పిల్లల డాక్టరు ఉండేది అక్కడే. "చేలో ముప్పై మంది కూలీలున్నారు సామ్రాజ్యం. కళ్లంలో కాయంతా పరిచుంది. రేపు మొదటి బస్సుకి పోదాం," అన్నాడు నాన్న. మర్నాడు మొదటి బస్సు వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ మళ్లీ అడిగింది. నాన్న మళ్లీ రేపు అన్నాడు. నాన్న చెడ్డవాడు కాదు. కొడుకంటే ప్రాణం పెట్టేవాడు. చేలోంచి రాగానే ముందు వాడి దగ్గరికే వెళ్లి, కాయల ఘాటు చేతులకుంది కదా అని ముట్టుకోకుండా, వంగి మొహంలోకి చూసి వచ్చేవాడు. ఆయనకది దగ్గులాగానే కనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. ఎండిన కాయ తడిస్తే నల్లబడిపోతుంది, ఏడాది కష్టం పోతుంది. కళ్లంలో అందరూ కాయ కుప్పలు పోసి పరదాలు కప్పడానికి పరుగులు పెడుతున్నారు. "సామ్రాజ్యం, ఈ కొస పట్టుకోవడానికి మనిషి లేదు, రా," అని నాయనమ్మ కేకేసింది. అమ్మ వాకిట్లో నిలబడి, "బిడ్డకు ఊపిరి బాగా లేదత్తయ్యా," అంది. "పద్మ ఉందిగా. అయిదు నిమిషాల పని." అమ్మ నా వంక చూసి, "తమ్ముడి దగ్గర్నుంచి కదలకు," అని చెప్పి వెళ్లింది. చిన్నయ్య నులక మంచం మీద ఉన్నాడు. వాడి ఊపిరి చప్పుడు గది అంతా వినిపిస్తోంది. అప్పుడు పిల్లి వచ్చి మంచమెక్కింది. వాడి డొక్కకు ఆనుకుని చుట్ట చుట్టుకుంది. నేను తోలలేదు. వెచ్చగా ఉంటుందిలే అనుకున్నాను. వాడికి కూడా బాగుంటుందనుకున్నాను. తర్వాత చినుకులు మొదలైతే, ఎర్రటి కాయల మీద వాన పడటం చూద్దామని వరండాలోకి వెళ్లాను. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. అమ్మ తడిసి పరుగున వచ్చింది. మిరప చేతులతో బిడ్డను ముట్టుకోకూడదని ముందు గోలెం దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది. లోపలికి వెళ్లేసరికి పిల్లి మంచం దూకి కిటికీలోంచి పోయింది. ఆ తర్వాత అమ్మ అరుపు విన్నాను.

మొదట ఆ మాట అన్నది నాయనమ్మ. "పిల్లి గుండెల మీద పడుకుందే. ఊపిరి పీల్చేసిందే నా చిన్నయ్యకి," అని నేల మీద కూలబడి ఏడ్చింది. వచ్చిన ఆడవాళ్లు తలో నోటా అదే అన్నారు. చీకటి పడకముందే ఊరందరికీ అది పిల్లి చేసిన పనే అయింది. కాళ్లకు బురదతో స్తంభానికి ఆనుకుని నిలబడ్డ నాన్న ఒకే ఒకసారి, "పిల్లేనా," అన్నాడు, అడిగినట్టు. ఎవరో అవునన్నారు. గడిచిన రెండు రోజుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నన్ను కూడా ఎవరూ ఏమీ అడగలేదు. అడగకపోవడానికే నాకు భయమేసింది. పిల్లి వాడి పక్కన పడుకోవడం చూసి ఊరుకున్నది నేనొక్కదాన్నే కాబట్టి, తమ్ముణ్ణి చంపింది నేనేనని అర్థం చేసుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లకు అది అర్థం కావడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు.

నెల తిరక్కముందే అమ్మ మొదలుపెట్టింది. ముందు గట్టు అంచు పొడవునా తుమ్మ కంప పరిచింది. వంట చేస్తుంటే ఆ ముళ్లు ఆమె ముంజేతులకే గుచ్చుకునేవి. కంప తీసి తడి గోనెపట్టాలు పరిచింది. అవి ఆరిపోతే మళ్లీ తడపడానికి గంటగంటకూ లేచేది. మిరపకాయల తొడిమలు, గింజలు దంచి అంచుల్లో చల్లింది. దానికి పిల్లి కంటే మేమే ఎక్కువ ఏడ్చాం. పళ్లాలూ గ్లాసులూ అంచు మీద ఒకదాని మీద ఒకటి నిలబెట్టేది, పిల్లి దూకితే పడి చప్పుడవ్వాలని. కిటికీలకు ఇనుప జాలీ కొట్టించింది. గట్టుతో ఆగలేదు. మంచాలు పగలంతా గోడలకు నిలబెట్టి ఉండేవి. కుర్చీలు బల్ల మీద తిరగేసి ఉండేవి. పరుపులు చుట్టి దూలానికి వేలాడదీసేది. ఎవరన్నా చూడ్డానికి వస్తే కూర్చోమనడానికి ఏమీ ఉండేది కాదు. వాళ్లు నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్లేవాళ్లు, కొన్నాళ్లకు రావడం మానేశారు. మా ఇంట్లో చదునుగా పరిచి ఉంచిన వస్తువంటూ ఏదీ లేకుండా పోయింది. పత్తికొట్టులో పిల్లి ఈనుతుందేమోనని రోజూ పత్తి కుప్పలో మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికేది. జుట్టు నిండా పత్తి పింజలతో బయటికొచ్చి, తలుపు వెనక కర్ర తీసుకుని గట్టు ముందు పీట వేసుకుని కూర్చునేది. కూరలో ఉప్పుందో లేదో చూసుకునేది కాదు. నాన్నకు ఆకలవుతోందో లేదో చూసేది కాదు. అలా రెండేళ్లు. కానీ ఒక మాట చెప్పాలి. ఆ రెండేళ్లూ అమ్మ పొద్దున్నే లేచేది. స్నానం చేసేది. చెయ్యాల్సిన పని ఒకటి ఉన్న మనిషిలాగా ఉండేది.

ఒకసారి నాన్న పిల్లిని గోనెసంచిలో వేసి, పత్తి లారీలో పేటకు తీసుకెళ్లి, జిన్నింగు మిల్లు దగ్గర వదిలేసి వచ్చాడు. వారం తిరక్కముందే అది జాలీ అవతల కూర్చుని అరిచింది. అమ్మ మొహంలో కోపం కనిపించలేదు. ఇప్పుడు తలుచుకుంటే, పోగొట్టుకున్నది దొరికినట్టుగా కర్ర అందుకుందనిపిస్తుంది. తర్వాత ఒక రోజు నేను బడి నుంచి రాగానే నా గౌను మీద రెండు బూడిద వెంట్రుకలు చూసింది. "ఎక్కడ ముట్టుకున్నావ్?" అంది. నేను ముట్టుకోలేదన్నాను. నిజంగానే ఆ రెండేళ్లలో నేను దాన్ని ముట్టుకోలేదు, అది అరుగు మీద పడుకున్న చోట కూర్చుని ఉంటాను. అమ్మ ఆ కర్రతోనే నన్ను కొట్టింది. నేను తప్పించుకోలేదు, ఏడవలేదు. ఇన్నాళ్లకు అమ్మకు విషయం తెలిసిందనుకున్నాను. సాయంత్రం నాన్న నా మోచెయ్యి వాపు చూశాడు. ఎవరు కొట్టారని అడగలేదు. చాలాసేపు ఆ చేతికి పసుపు రాస్తూ కూర్చున్నాడు.

కొత్తపట్నం నుంచి బస్సులో గంప వేసుకొచ్చి చేపలమ్మే ఆవిడ వచ్చినప్పుడు, నాన్న ఎప్పుడూ లేంది తనే వెళ్లి చేపలు కొన్నాడు. ఆ పొద్దు గూకేవేళ పత్తికొట్టులోకి వెళ్లి, ఒక చిప్ప పట్టుకుని పెరట్లోకి నడవడం నేను చూశాను. పొద్దున అమ్మ పొయ్యిలోకి కట్టెల కోసం గట్టు కిందికి వంగితే, కట్టెల వెనక పిల్లి బిగుసుకుపోయి ఉంది. జాలీ ఎక్కడ ఊడిందో, ఎలా దూరిందో తెలియదు. చావడానికి లోపలికే వచ్చింది. అమ్మ కేక పెట్టలేదు. దాని ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడితే, తల తిప్పకుండా, "ఎవరు?" అని అడిగింది. "నేనే. నీకోసమే చేశాను సామ్రాజ్యం," అన్నాడు. "నాకోసమా," అంది. మధ్యాహ్నం దాకా అక్కడి నుంచి లేవలేదు. ఆ రోజు పొయ్యి వెలగలేదు.

"పిల్లిని చంపిన ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టను. బంగారు పిల్లిని చేయించి దానమిస్తే గానీ ఆ పాపం పోదురా కోటేశ్వర్రావ్. ఇప్పటికే ఒక దీపం ఆరిపోయింది," అంది నాయనమ్మ. తన చెవి కమ్మ తీసి కంసాలికిచ్చింది. అతను చేసిన పిల్లి చింతగింజంత ఉంది. చెవులు రెండూ గుచ్చుకోకపోతే అది పిల్లి అని ఎవరూ అనుకోరు. కృష్ణలో మునిగి దానం ఇవ్వాలని అమరావతికి బయల్దేరాం. మా ఊరి నుంచి పేట, పేట నుంచి గుంటూరు, గుంటూరు నుంచి అమరావతి, మూడు బస్సులు. పేటలో బస్సు మారేచోట, రోడ్డుకు అవతల పిల్లల డాక్టరు బోర్డు ఉంది. అమ్మ ఆ బోర్డు వంక చూస్తూ నిలబడింది. తర్వాత నాన్న చేతి గడియారం వంక చూసింది. మేం ఊళ్లో బస్సెక్కి గంట కూడా కాలేదు.

రేవులో స్నానాలయ్యాక మెట్ల మీద పంతులుగారు దర్భలు పరిచి కూర్చోబెట్టారు. కుర్రాయన, గొంతు మెత్తన. "ఎవరి చేతి మీదుగా జరిగిందండీ?" అని అడిగారు. "నా చేతి మీదుగానేనండి," అన్నాడు నాన్న. మార్జాల హత్యా దోషమని ఏదో సంకల్పం చెప్పించి, నాన్న అరచేతిలో తమలపాకు, ఆకు మీద ఆ చింతగింజంత బంగారం పెట్టారు. దానం ఇచ్చేటప్పుడు భార్య నీళ్లు వదలాలి. అమ్మ చేతికి చెంబు ఇచ్చి, "పొయ్యండమ్మా," అన్నారు. అమ్మ పొయ్యలేదు. తడిచీరతో, చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. పంతులుగారు మళ్లీ చెప్పారు. అప్పుడు అమ్మ, మామూలు గొంతుతో, కూరలో కారం ఎక్కువైందని చెప్పినట్టుగా, "అది ఏం చెయ్యలేదండీ," అంది.

"ఇక్కడెందుకే ఆ మాటలు," అంది నాయనమ్మ.

"ఎక్కడా అనలేదుగా అత్తయ్యా. రెండు రోజులు చెప్తానే ఉన్నా. డొక్కలెగరేస్తున్నాడని చెప్పా. పాలు పట్టట్లేదని చెప్పా. చెప్పి, వానొస్తే పరదా పట్టుకోడానికి నేనే వెళ్లా. పిల్లి కాదని నాకారోజే తెలుసు. పిల్లే అనుకుంటే గానీ మీ మొహాలు చూస్తా ఆ ఇంట్లో వండిపెట్టలేకపోయాను. నా మొహం నేను చూసుకోలేకపోయాను. ఇప్పుడు అది కూడా లేకుండా చేశారు."

నాన్న చేతిలో ఆకు మీద బంగారం అటూ ఇటూ దొర్లుతోంది. పడిపోతుందేమోనని పంతులుగారు కింద తన చెయ్యి పెట్టారు. మా పక్క మెట్టు మీద బట్టలు పిండుకుంటున్న ఎవరో పిండటం ఆపి మా వంక చూశారు. నాయనమ్మ ముసుగు మొహం మీదికి లాక్కుంది. కొంతసేపటికి అమ్మ చెంబు వంచింది. "దీనికైతే పోస్తాను. దీనికి పరిహారం ఉందిగా," అంది. చెంబులో నీళ్లన్నీ అయిపోయేదాకా పోసింది.

ఆ మెట్ల మీద నాకు కలిగినదేమిటో రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ రాయకపోతే ఇదంతా రాసి లాభం లేదు. పిల్లి కాదని అమ్మ అనగానే, నేను కాదన్నమాట అనుకున్నాను. గుండెల మీంచి ఏదో దించినట్టయింది. అక్కడ ముగ్గురు పెద్దవాళ్లు నిలువునా కూలిపోతుంటే, నాకు ఆకలేసింది. గుడి బయట అరటిపళ్లు కొనిపెట్టమని అడిగాను. నాన్న కొనిపెట్టాడు. పిల్లిని మంచం ఎక్కనిచ్చింది నేనని, రెండేళ్లు నేను ఆ భయంతోనే పడుకుని ఆ భయంతోనే లేచానని అమ్మకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు. చెబితే మళ్లీ ఆ రోజు గురించి మాట్లాడాలి. మా ఇంట్లో ఆ తర్వాత ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మంచాలు వాల్చేసింది. కుర్చీలు దించేసింది. కర్రను పొయ్యిలో పెట్టేసింది. వేరే పిల్లులు రావడం మొదలుపెట్టాయి. ఒకటి గట్టెక్కి పాలగిన్నెలో మూతి పెడితే, అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని చూస్తూ ఉండేది. పొద్దున లేవడం ఆలస్యం చేసేది, కొన్ని రోజులు అసలు లేచేది కాదు. ఆశ్చర్యం ఏమిటంటే, అప్పటిదాకా వంటింటి గడప దాటని నాన్న గోనెపట్టాలు తడిపి గట్టు మీద పరవడం నేర్చుకున్నాడు. చేలోంచి వచ్చి "ఉష్ ఉష్" అంటూ చేతులు ఆడించేవాడు. "పాలన్నీ తాగేస్తున్నాయి సామ్రాజ్యం," అనేవాడు. "తాగనివ్వండి," అనేది అమ్మ. ఒక్కోసారి ఆయన అంచు మీద గ్లాసులు నిలబెట్టి, అమ్మ ఏమన్నా అంటుందేమో, కనీసం తప్పుగా పెట్టారని అంటుందేమో అని గుమ్మంలో ఆగేవాడు. నాయనమ్మ మంచాన పడ్డాక నాతో ఒకసారి అంది. "ఆ మాట నేనే అన్నా పద్మా. పిల్లి అని. ఆ పూట ఏదో ఒకటి అనాలిగా. లేకపోతే మీ నాన్న ఏమైపోయేవాడో." అంతవరకే. ఆమె తన కొడుకును కాపాడుకుందని నాకు చాలా ఏళ్లకు తెలిసింది. అమ్మకు ఆ రోజే తెలిసి ఉంటుంది.

శ్రావణి కొడుక్కి పోయిన నెల ఆయాసం వచ్చింది. లిఫ్టు దిగి, కారెక్కి, పది నిమిషాల్లో ఆసుపత్రిలో ఉన్నారు. ముక్కుకు గొట్టం పెట్టారు, రెండో రోజుకి వాడు నవ్వుతున్నాడు. ఆ రాకపోకల గురించి శ్రావణి చెప్పినప్పుడు అది ఆమెకు పెద్ద సంగతి కాదు, పార్కింగు దొరక్కపోవడమే పెద్ద సంగతి. ఆ కాలమే బాగుండేదని నా వయసు వాళ్లు అంటూ ఉంటారు. దాలిపాల మీగడ గురించి, ఎద్దుల మువ్వల గురించి నేనూ అంటాను. అనేటప్పుడు లోపల ఇంకోటి లెక్క వేసుకుంటూ ఉంటాను. మా ఊరికీ పేటకూ మధ్య గంట దూరం. ఆ గంటలో మా నాన్నకు ఒక చేను, ముప్పై మంది మనుషులు, ఒక మబ్బు అడ్డం వచ్చాయి. ఇప్పటివాళ్లకు అలాంటిదేదీ అడ్డం రాదని నేను అనను. మాకు వచ్చింది, అంతే.

చివరి ఏళ్లలో నాన్నకు కంటి ఆపరేషను చేయించడానికి ఇద్దర్నీ గుంటూరు మా ఇంటికి తెచ్చుకున్నాను. ఒక కంటికి కట్టు. రెండో కంట్లో శుక్లం ముదిరి, మనుషులు నీడల్లాగా తప్ప కనిపించేవాళ్లు కారు. ఒక మధ్యాహ్నం అమ్మ హాల్లో నేల మీద కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తోంది. నాన్న కుర్చీలో ఉన్నాడు. నేను పక్క గదిలో బట్టలు మడత పెడుతున్నాను. అప్పుడు నాన్న గొంతు సవరించుకుని అడిగాడు. "సామ్రాజ్యం. నువ్వు చెప్పిన రోజే పేటకు తీసుకెళ్తే బతికేవాడా?"

తొడిమలు తుంచే చప్పుడు ఆగింది. నేను చేతిలో చీర పట్టుకుని కదలకుండా నిలబడ్డాను.

"ఏమో. తెలీదండీ," అంది అమ్మ.

ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు. నిజంగా తెలియక అన్న మాట అది. కాసేపటికి ఆమె చాట పక్కన పెట్టి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచి, చప్పుడు కాకుండా పెరటి వైపు వెళ్లిపోయింది. నాన్న ఇంకొక మాటేదో వస్తుందని ఆమె కూర్చున్న చోటు వైపే మొహం పెట్టి ఎదురుచూస్తున్నాడు. అక్కడ ఎవరూ లేరని ఆయనకు చాలాసేపటి దాకా తెలియలేదు.